సిలిండరారోహణం – టీకా తాత్పర్య సహితం

మూలం:
"కొడుకా! ఎవరెస్టు ఎక్కొచ్చినవ్ సరే గానీ, లిఫ్టు పనిచేస్తలేదు, కింద సిలిండరొచ్చింది, జర మీదికెక్కియ్యి."

అవతారిక: ఆర్ట్స్ కాలేజీ రాతిమెట్ల మీద బరువు సంచితో సాధన చేసి, దాదాపు రెండు నెలలు మంచులో ఉండి, పెదవులు పగిలి, ముక్కు మీద తోలు ఊడి హైదరాబాదు అడిక్‌మెట్ ఇంటికి చేరిన కుమారుడు ఇంకా బూట్లు విప్పలేదు. అప్పుడు తల్లి పలికిన వాక్యమిది.

ప్రతిపదార్థం: కొడుకా = ఓ పుత్రుడా (పని ఉన్నదని సూచన); ఎవరెస్టు = 8,849 మీటర్ల కొండను; ఎక్కొచ్చినవ్ = ఎక్కి దిగివచ్చితివి; సరే గానీ = దానివలన ఇంటికి ఒరిగినదేమియు లేదు గనుక; లిఫ్టు పనిచేస్తలేదు = ఎప్పటివలెనే; సిలిండర్ = 14.2 కిలోల గ్యాసును, దాదాపు అంతే బరువు ఇనుమును కలది; జర = నాలుగంతస్తులు; మీదికెక్కియ్యి = మోసికొని రమ్ము.

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: 'సిలిండర్' అన్నచోట శ్లేష. శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి మూడోవంతే. అక్కడ వీపున మోసినది ప్రాణవాయువు, తోడు షెర్పా. ఇక్కడిది వంటవాయువు, వాచ్‌మన్ ఊరికి పోయాడు.

కండ కరిగి, ఆకలి చచ్చి వచ్చినవాడి చేత బరువు మోయించడం నిర్దయ కాదా అని పూర్వపక్షం. కాదు. ప్రాణవాయువు చాలని ఎత్తున దేహం ఎర్ర రక్తకణాలను పెంచుకొంటుంది, దిగివచ్చాక కొన్ని వారాల్లో వాటిని తగ్గించుకొంటుంది. ఐదువందల మీటర్ల పైచిల్లర ఎత్తున్న హైదరాబాదులో వాటికి వేరే పనేముంది? ఉన్నప్పుడే వాడుకోవాలని మాతృహృదయం. పైగా బేస్ క్యాంపులో నీళ్ళు ఎనభై డిగ్రీల పైచిల్లరకే మరుగుతాయి. కుక్కర్ లేనిదే బియ్యం సరిగా ఉడకవు. ఇంటి అన్నానికి మొహం వాచినవాడు ఆ అన్నం వండే గ్యాసును తానే మోయడం న్యాయమే.

ఒకసారి ఎక్కినవారు అంతటితో ఊరకుండరాదనడానికి మాలావత్ పూర్ణ ప్రమాణం. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల. భువనగిరి గుట్ట మీద తర్ఫీదు పొంది, 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. 2022లో డెనాలితో ఏడు ఖండాల శిఖరాలూ ముగించింది.

ఈ వాక్యం అడిక్‌మెట్‌ది కాదు, తార్నాకదని ఒక వాదముంది. నిలవదు. హారన్ల మోతలో వినబడక తల్లి 'జర'ను రెండుసార్లు అన్నదని పాఠాంతరం. ఆ మోత అడిక్‌మెట్ ఫ్లైఓవరుదే, సందేహం లేదు.

పాఠకులకు మనవి: మీ ఇంట ఎవరైనా కొండ దిగి వస్తుంటే సిలిండర్ ముందే బుక్ చేసుకోండి. ఎర్ర కణాలకు గడువుంది.