కుమిలిపోయే బాబుగారికే కప్పు

ఈసారీ నాటక పరిషత్తుల్లో ఆ బాబుగారి పాత్రే గెలిచింది. తెలిసిందేగా: నలిగిన లాల్చీ, మాసిన గడ్డం, హైదరాబాదులో ఉద్యోగం, ఏజెన్సీలో తాత 'సంపాదించిన' పొలం. రెండో రంగంలో చర్ల బస్సు దిగుతాడు. మూడో రంగంలో ఏడుస్తాడు.

ఆ ఏడుపు గురించి చెప్పుకోవాలి. ముందు కోయ ముసలమ్మ కాళ్ల మీద పడతాడు. ఆవిడ పాత్రకి రాసిన మాటలు మూడే: "బాబూ", "అయ్యో బాబూ", "లే బాబూ". తర్వాత మట్టి తీసి నుదుట పూసుకుంటాడు. లైటు ఎర్రబడుతుంది. వెనక ఎవరో రేలా పాట ఎత్తుకుని సగంలో ఆపేస్తారు, బాబుగారికి మళ్లీ మాటొచ్చింది మరి! మా తాత పాపం, మా నాన్న పాపం అంటూ పావుగంట. గొంతు పూడుకుపోతుంది, అదీ చివరి వరసకి స్పష్టంగా వినబడేలా. ఆఖరికి ముసలమ్మే ఆయన్ని ఓదారుస్తుంది. పొలం పోయింది ఆవిడది, ఓదార్పు ఆయనకి!

న్యాయనిర్ణేతలు కళ్లొత్తుకుంటారు. కోయవాళ్లకి ఆకులు కట్టినందుకు ఆహార్యం బహుమతి వేరే. చర్ల సంతలో ఆకులు కట్టుకు తిరిగేవాళ్లని వీళ్లెక్కడ చూశారో.

ఇంత ఏడ్చినవాడు పట్టా ఊసెత్తడేం? చర్ల షెడ్యూల్డ్ ప్రాంతం. భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా, 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో బిగించారు. మనం 1/70 అనేది దాన్నే. ఇక్కడ గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, కాదని అతను రుజువు చేసుకునేదాకా అది గిరిజనుడి నుంచి వచ్చిందనే లెక్క. ఈ నిబంధనలను 1988లో సుప్రీంకోర్టూ సమర్థించింది. కొనే గిరిజనుడు దొరక్కపోతే సర్కారుకి అప్పగించి పరిహారం పుచ్చుకోవచ్చు కూడా. పాపం కడుక్కుంటే ఎదురు డబ్బులిచ్చే చట్టమండీ ఇది! అయినా తెర పడేదాకా బాబుగారు సంతకం పెట్టరు. గుండె మారుతుంది, పహాణీ మారదు. పోడు కేసుల మాట లేదు, తునికాకు కూలి మాట లేదు. సిగ్గుండాలి రాసినవాడికి, చప్పట్లు కొట్టిన మనకీ.

సుంకర, వాసిరెడ్డి 'మా భూమి' నాటకం రాసినప్పుడు విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కి ప్రాణం పోగొట్టుకున్న బందగీ కథని రంగస్థలం ఎక్కించారు. అప్పట్లో కన్నీళ్లు పొలం పోయినవాడివి.

పరిషత్తు పెద్దలకి మనవి: వచ్చే ఏడు మార్కులేసే ముందు మూడో రంగంలో సంతకం ఉందో లేదో చూడండి. లేకపోతే కప్పు ముసలమ్మ వేషం వేసినావిడకి ఇవ్వండి. మూడు మాటలతో ఆ పావుగంట భరించింది ఆవిడే.