దసరాకు పక్కా! కట్టని ఫ్లాటు కొన్నవారికి చిట్కాలు

చిలకలగూడలో ఫ్లాటు కొంటున్నారా? శుభం. సికింద్రాబాద్ స్టేషను నడిచిపోయే దూరం, మెట్టుగూడ మెట్రో దగ్గర, పిల్లకు సీతాఫల్‌మండిలో కాలేజీ. పాత పెంకుటిళ్లు ఒక్కొక్కటిగా డెవలప్‌మెంటుకు పోతున్నాయి, వాటి చోట పిల్లర్లు లేస్తున్నాయి. ఇల్లు ఎలా కొనాలో బ్యాంకు ఏజెంటు చెబుతాడు. కొన్న ఇల్లు చేతికి రాకుండా ఎలా చూసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ లోటు మేం తీరుస్తాం. ఆఫీసుకు ఒక్క రోజు సెలవు పెట్టనక్కర్లేదు, ఎవరితోనూ మాట పడనక్కర్లేదు. కింది సూచనలు వరసగా పాటించండి, చాలు.

1. చట్టం చూపు పడని బిల్డింగు వెతకండి. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషను అవసరం లేదు. 500 చదరపు మీటర్లంటే మన లెక్కలో దాదాపు 598 గజాలు. చిలకలగూడ సందుల్లో అంత స్థలం ఎవరికుంది? కాబట్టి మీ పని సులువే. బిల్డరు నమ్మకస్తుడని ఇంట్లో చెప్పండి. రుజువు అడిగితే ఆయన కారు డాష్‌బోర్డు మీద వెంకన్న బొమ్మ ఉందనండి.

ఖర్మ కాలి రెరాలో నమోదైన ప్రాజెక్టే దొరికిందా? కంగారు పడకండి. తెలంగాణ రెరా వెబ్‌సైటు తెరవకుండా ఉంటే సరిపోతుంది. ఎన్నడు పూర్తి చేస్తాడో బిల్డరు తానే రాసిచ్చిన తేదీ అందులో ఉంటుంది. మీతో నోటిమాటగా అన్న దసరాకూ ఆ తేదీకీ రెండేళ్లు తేడా రావచ్చు. చూసి బీపీ తెచ్చుకోవడం దేనికి?

2. ముందు డబ్బు, తర్వాత కాగితం. అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదని రెరా చట్టం అంటుంది. అది బిల్డరుకు పెట్టిన ఆంక్ష, మీకెందుకు? మీరు 40 శాతం ఇవ్వండి. లెటర్‌హెడ్ మీద "ముట్టినది" అని రాయించుకోండి. అందులో సగం నగదు అయితే ఇంకా మేలు, రిజిస్ట్రేషనుకు పోయే ఏడున్నర శాతంలో బాగానే మిగుల్తుంది. రేపు వాపసు అడగాల్సి వస్తే చెక్కు ఇచ్చిన సగమే అడగగలరు. అంటే అడిగే శ్రమ కూడా సగానికి తగ్గినట్టే.

3. ప్రీలాంచ్ అన్న మాట వినపడితే పరుగెత్తండి. పర్మిషను రాకముందు కొంటే చౌక. అమీన్‌పూర్‌లో సాహితీ ఇన్‌ఫ్రాటెక్ ఇలాగే వందలమంది దగ్గర డబ్బు కట్టించుకుంది. 2022 డిసెంబరులో ఆ సంస్థ ఎండీని హైదరాబాద్ సీసీఎస్ పోలీసులు అరెస్టు చేశారు. అది అమీన్‌పూర్ సంగతి. మనది చిలకలగూడ, నీళ్లే వేరు.

4. సెమీ ఫినిష్డ్ రిజిస్ట్రేషను చేయించుకోండి. ఇది అన్ని చిట్కాల్లోకీ రాజు, కాబట్టి నిదానంగా వినండి. గోడలు లేచాయి, తలుపుల్లేవు, లిఫ్టు గోతిలో వాననీళ్లు. ఆ దశలో బిల్డరు ఫోన్ చేసి, "అన్నా, మార్చి లోపల రిజిస్ట్రేషన్ చేసుకో, తర్వాత రేట్లు పెరుగుతయ్" అంటాడు. వెంటనే సరే అనండి. సేల్ డీడ్ చూసి బ్యాంకు లోను దాదాపు మొత్తం వదిలేస్తుంది. ఆ నెల నుంచే ఈఎంఐ, ఇటు అద్దె. బిల్డరుకు మీతో పని తీరిపోతుంది. పని తీరిన మనిషిని మళ్లీ పనులడగడం మర్యాద కాదు. అయినా మీకేం తక్కువ? తలుపుల్లేని ఇంటికి మీరు చట్టబద్ధమైన యజమాని. మీ కిటికీలోంచి వచ్చే కాకులు కూడా మీవే.

5. అగ్రిమెంటు చదవకండి. సంతకం పెట్టండి. మీరు వాయిదా ఆలస్యం చేస్తే 24 శాతం వడ్డీ అని ఒకచోట ఉంటుంది. బిల్డరు ఆలస్యం చేస్తే ఎస్‌ఎఫ్‌టీకి నెలకు అయిదు రూపాయలని, మరో పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. 1,200 ఎస్‌ఎఫ్‌టీకి ఆరు వేలు. రెరా చట్టం ప్రకారం ఇద్దరికీ వడ్డీ ఒకటే ఉండాలి, మన రాష్ట్రంలో స్టేట్ బ్యాంకు అత్యధిక ఎంసీఎల్ఆర్ (రుణాల ఆధార వడ్డీ రేటు) మీద రెండు శాతం. ఇలాంటి ఏకపక్షపు షరతులకు కొన్నవాణ్ని కట్టిపడేయలేమని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇవన్నీ తెలిస్తే నిద్ర పట్టదు. అందుకే చదవొద్దన్నాం.

6. సాకులను గౌరవించండి. ఆషాఢం మంచిది కాదు, పైగా బోనాలు. కట్టమైసమ్మ గుడి దగ్గర అంత జాతర జరుగుతుంటే సెంట్రింగు పని ఎవడు చేస్తాడు? శ్రావణంలో వాన. భాద్రపదంలో వినాయకుడు. దసరాకు పక్కా అన్నమాట నిజమే, కానీ దసరా అయ్యాక ఛఠ్ పండక్కి లేబరంతా బిహార్ వెళ్లిపోతారు. ధనుర్మాసం శూన్యమాసం. సంక్రాంతికి మేస్త్రీ ఊరెళ్తాడు. తర్వాత మూఢం. ఉగాదికి ఇసుక దొరకదు, ఎండాకాలం బోరు ఎండుతుంది. మళ్లీ ఆషాఢం వచ్చేసింది, చూశారా! బిల్డరు అలసిపోయి సాకు చెప్పలేకపోయిన రోజున మీరే అందించండి: "లిఫ్టు కంపెనీవాళ్లు లేటు చేస్తున్నారేమో సార్?"

యుద్ధం, వరద, కరవు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం, ఇతర ప్రకృతి విపత్తులకు రెరా గడువు పొడిగిస్తుంది. బిల్డరు తప్పు లేదనుకుంటే మరో ఏడాదికి మించకుండా ఇస్తుంది. మేస్త్రీ మరదలి పెళ్లి ఆ జాబితాలో లేదు. మీరు చేర్చుకోండి.

7. తోటి కొనుగోలుదారులతో కలవకండి. వాట్సాప్ గ్రూపులో ఉండండి, పొద్దున్నే పువ్వుల బొమ్మలు పంపండి, అంతే. ఎవరైనా "అందరం కలిసి ఫిర్యాదు చేద్దాం" అంటే చేతులు జోడించిన బొమ్మ పెట్టి, ఆ మెసేజీ స్క్రీన్‌షాటు బిల్డరుకు పంపండి. ఆయన పొంగిపోయి మీకు మూల కార్ పార్కింగు ఇస్తానంటాడు. అదే పార్కింగు మరో ఇద్దరికి కూడా ఇచ్చాడు, వాళ్లు కూడా స్క్రీన్‌షాట్లు పంపినవాళ్లే.

సైటుకు ఆదివారం సాయంత్రం వెళ్లండి. పని జరగడం లేదన్న బాధ ఉండదు, ఆదివారం ఎక్కడా జరగదు కదా. వాచ్‌మన్‌తో మాట్లాడి, ఒక పిల్లరు పక్కన సెల్ఫీ దిగి రండి.

8. ఇంట్లో అడిగేవాళ్లకు జవాబులు సిద్ధం చేసుకోండి. భార్య అడిగితే, "నీ ఇష్టం వచ్చిన టైల్స్ కోసమే ఆపించాను" అనండి. అద్దింటి ఓనరుకు ప్రతి పదకొండో నెలా "ఇంకొక్క మూడు నెలలండీ" అని చెప్పండి. మావగారు మాత్రం గట్టిగా నిలదీస్తారు. ఆయనకు రాజీవ్ స్వగృహ సంగతి ఎత్తండి. 2007లో మొదలైన పథకం, బండ్లగూడ, పోచారం ఫ్లాట్లకు 2022లో లాటరీ తీశారు. సర్కారుకే పదిహేనేళ్లు పడితే మన బిల్డరు ఎంతటివాడు? పొరపాటున కూడా పక్కనున్న న్యూ బోయిగూడ ఐడీహెచ్ కాలనీ ఊసు తేకండి. అక్కడ 2014లో శంకుస్థాపన చేసి 2015 నవంబరులో 396 ఇళ్లు అప్పగించారు. మావగారికి అలాంటివి బాగా గుర్తుంటాయి.

9. పన్ను సంగతి మరిచిపోండి. పాత పన్ను విధానంలో ఉన్నవారికి సొంతింటి లోను వడ్డీ మీద ఏడాదికి రెండు లక్షల దాకా మినహాయింపు ఉంది. లోను తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక అయిదేళ్లలోపు ఇల్లు పూర్తి కాకపోతే అది 30,000 అవుతుంది. ఫారంలో నింపాల్సిన అంకెల్లో ఒకటి తగ్గుతుంది.

10. ఓసీ అడగకుండా పాలు పొంగించండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అనేది జీహెచ్‌ఎంసీకి, బిల్డరుకు మధ్య వ్యవహారం. పైన పెంట్‌హౌస్‌కు పర్మిషను ఉందా, సెట్‌బ్యాక్ ఎక్కడికి పోయింది అని తవ్వితే మీ ముహూర్తమే పోతుంది. "క్రమబద్ధీకరణ స్కీము మళ్లీ వస్తది" అని బిల్డరు అంటాడు, నమ్మండి. పోయినసారి వచ్చింది 2015 అక్టోబరు 28 లోపు కట్టినవాటికే, ఆ దరఖాస్తులేమో కోర్టు చిక్కుల్లో పడ్డాయి.

తాళంచెవి ఇచ్చేటప్పుడు బిల్డరు ఒక కాగితం ముందు పెడతాడు. "ఫ్లాటు తృప్తికరంగా ఉంది, ఆలస్యం విషయమై నాకెలాంటి అభ్యంతరాలు లేవు." పురోహితుడు తొందరపెడుతుంటాడు, ఆవు గుమ్మంలో నిలబడి ఉంటుంది. పెట్టేయండి సంతకం.

11. ఫిర్యాదు ఆలోచన వస్తే పడుకోండి. ఆలస్యానికి డబ్బు వడ్డీతో వాపసు కోరవచ్చు, లేదా ఇల్లు అప్పగించేదాకా నెలనెలా వడ్డీ కోరవచ్చు. రెరాకు ఫిర్యాదు ఫీజు వెయ్యి రూపాయలు, లాయరు లేకుండా మీరే వెళ్లవచ్చు. మరీ ఇంత సులువైన పనికి మన స్థాయి మనిషి దిగడమా? చిన్న బిల్డింగువాళ్లకు వినియోగదారుల కమిషను ఉంది. కారణం పుట్టిన రెండేళ్లలోపు వెళ్లాలంటారు. ఆ రెండేళ్లూ బిల్డరు పెళ్లిరోజుకు కేకు పంపుతూ గడపండి. కట్టడంలో లోపం బయటపడితే అప్పగించిన నాటి నుంచి అయిదేళ్లదాకా ఉచితంగా బాగుచేసే బాధ్యత బిల్డరుదేనని రెరా అంటుంది. గోడ చెమ్మగిల్లిన చోట మీరు క్యాలెండరు తగిలించండి.

12. ఇక బిల్డరు ఫోన్ ఎత్తడం మానేశాడంటే మీరు అన్నీ సరిగ్గా చేసినట్టు. ఆయన కొత్త వెంచరు భూమిపూజలో ఉంటాడు. పాత కస్టమర్లకు ప్రీలాంచ్‌లో తగ్గింపు ఉందట. అడ్వాన్సు పట్టుకుని వెళ్లండి, నగదే తీసుకెళ్లండి.