సిగార్ కొన్నారా? అగ్గిపెట్టె జోలికి పోకండి

సిగార్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఎవరైనా ముందు నేర్పేది కత్తిరించడం, ముట్టించడం. ఆ రెండూ నేర్చుకోవద్దనే నేనంటాను. సిగార్‌లో ఆస్వాదించాల్సినదంతా నిప్పు తగలకముందే ఉంది.

1. ఒక్కటే కొనండి. చేత్తో చుట్టిన క్యూబా సిగార్ అయితే మేలు. హవానా వీధుల్లో చవగ్గా చేతిలో పెట్టేవి కొనకండి, వాటిలో నకిలీలు ఎక్కువ.

2. నొక్కి చూడండి. రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా నొక్కితే కాస్త లొంగి మళ్లీ పొంగాలి. చిటపటమంటే ఎండిపోయినట్టు. నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోతే తేమ ఎక్కువైనట్టు.

3. ఆకుల్ని గుర్తుపట్టండి. పైన నున్నగా కనిపించేది కాపా. క్యూబాలో పినార్ దెల్ రియో ప్రాంతంలోని వుయెల్తా అబాహో నేలల్లో, ఎండ నేరుగా పడకుండా పల్చటి గుడ్డ పందిళ్ల కింద దాన్ని పెంచుతారు. దాని కింద బిగించి పట్టేది కాపోతే, నడుమ కూరేది త్రిపా. మొక్క పైభాగంలోని లిహేరో ఆకు ఘాటుకు, నడిమి సెకో వాసనకు, అడుగు వొలాదో చక్కగా కాలడానికి. తెరిచి ఉన్న కొసను వెలుతురులో పెడితే లోపలి మడతలు కనిపిస్తాయి. అక్కడే ముక్కు పెట్టి తీరిగ్గా వాసన చూడండి.

4. జాగ్రత్తగా దాచండి. 65 నుంచి 70 శాతం తేమ, 18 నుంచి 21 డిగ్రీల వేడి ఉండాలి. కోస్తా ఎండాకాలంలో బల్ల మీద వదిలేస్తే పొగాకు పురుగు గుడ్లు పగిలి, ఆకుకు గుండుసూది బెజ్జాలు పడొచ్చు. ఫ్రిజ్‌లో పెడితే ఎండిపోతుంది. తేమ నిలిపే చెక్కపెట్టె ఒకటి కొనుక్కోండి.

5. పక్కన పెట్టుకుని నవల చదవండి, పైకే చదవండి. 1865 నుంచి హవానా ఫ్యాక్టరీల్లో కార్మికులు సిగార్లు చుడుతుంటే లెక్టర్ పత్రికలూ నవలలూ చదివి వినిపించేవాడు. అతని జీతం వాళ్లే తలా కొంత వేసుకుని ఇచ్చేవారు. ద్యూమా రాసిన మాంటె క్రిస్టో నవల వాళ్లకు ప్రాణం. 1935లో వచ్చిన మాంటెక్రిస్టో సిగార్‌కు ఆ పేరే పెట్టారు.

6. 'పొగ లోపలికి పీల్చం కదా' అనేవాళ్ల మాట వినకండి. సిగార్ పొగకు క్షారగుణం ఎక్కువ కాబట్టి నికోటిన్ నోటి పొరలోంచే రక్తంలోకి చేరుతుంది. పెద్ద సిగార్ ఒక్కదానిలో సిగరెట్ ప్యాకెట్‌కు సరిపడా పొగాకు ఉండొచ్చు. నోటికి, గొంతుకు, అన్నవాహికకు క్యాన్సర్ తెచ్చే పొగ అది. సిగార్‌తోనే లోకానికి తెలిసిన ఫిడెల్ కాస్ట్రో సైతం 1985లో మానేశారు.

పొలంలో నెలలు, గోదాముల్లో ఏళ్లు గడిపి వచ్చిన ఆకు అది. ముట్టిస్తే గంటలో బూడిద. దాచుకుంటే ఏళ్ల తరబడి మీదే. దాచుకోండి.