హార్మోనియం పెట్టె చెప్పిన బెజవాడ కథ

ఈ హార్మోనియం పెట్టె పుట్టిల్లు పారిస్. 1842లో అలెగ్జాండర్ డెబేన్ అక్కడ పేటెంటు తీసుకున్నప్పుడు కాళ్లతో తొక్కితేనే పలికేది. 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని చేత్తో తిత్తి ఆడించేలా మార్చి, నేలమీద కూర్చున్న వాద్యగాడి ముందుకు తెచ్చాడు. తరవాత నాటకాలవాళ్ల సామానుతో బండెక్కి కృష్ణా డెల్టాకి చేరింది. మరి కదల్లేదు. తన కథ చెప్పమంటే ఈ పెట్టె చెప్పగలిగింది ఒకటే: బెజవాడలో పాట ఎక్కడ నిలిచింది, ఎక్కణ్నుంచి లేచి వెళ్లిపోయింది.

మొదట నిలిచింది పందిట్లో. కోతలయ్యాక ఊరి నడుమ పందిరి లేచేది, తెల్లారేదాకా పద్య నాటకం నడిచేది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన సత్యహరిశ్చంద్రీయం ఆడని ఊరు కోసం డెల్టాలో వెతకాలి. స్టేజీ పక్కన హార్మోనిస్టు కూర్చునేవాడు. ఎవరి శ్రుతి ఎంత, ఏ పద్యం ఏ రాగంలో ఎత్తుకుంటారు, సాగదీసిన ఆలాపనలో ఎక్కడ ఊపిరి తీసుకుంటారు, అన్నీ అతనికి తెలియాలి. కొత్త నటుడికి పద్యాలు నేర్పేది కూడా చాలాచోట్ల అతనే. కృష్ణుడి వేషంలో ఈలపాట రఘురామయ్య పద్యం అందుకుంటే జనం వన్స్‌మోర్ అని పట్టుబట్టేవాళ్లు. పద్యం మళ్లీ మొదటికి వచ్చేది. రెండోసారి అదే దారిన నడవదు కదా, జనం అడిగిందీ అందుకే!

1921లో పోతిన శ్రీనివాసరావు బెజవాడలో మారుతీ సినిమా హాలు తెరిచారు. మూకీల కాలం కాబట్టి ఈ పెట్టెకి అప్పుడింకా ఇబ్బంది రాలేదు. మన దేశంలో మూకీ హాళ్లలో తెర ముందు హార్మోనియం, తబలా ఉండడం మామూలే. 1932లో భక్త ప్రహ్లాద వచ్చింది. సురభివారు ఆడిన నాటకమే టాకీ అయింది. పాట తెరలోంచే వినబడుతుంటే వాద్యగాడితో పనేముంది? నాటకాలాడిన చోట్లే ఒక్కొక్కటిగా సినిమాకి మళ్లాయి.

1948 డిసెంబరు 1న విజయవాడలో రేడియో స్టేషను మొదలైంది. ఈ పెట్టెకి మాత్రం అందులో చోటు లేదు. ఆకాశవాణి 1940 మార్చిలోనే హార్మోనియాన్ని నిషేధించింది, 1971 దాకా సడలించలేదు. గమకం పలకదన్నది ప్రధానమైన అభ్యంతరం. అందులో నిజముంది. మెట్టుకీ మెట్టుకీ మధ్య జారే స్వరం ఈ పెట్టెకి చిక్కదు. తోడిలో గాంధారం గాయకుడి గొంతులో ఊగినట్టు ఇక్కడ ఊగదు. అయినా ఆ స్టేషను చేసిన మేలు ఈ పెట్టె మనసారా ఒప్పుకుంటుంది. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ, అన్నవరపు రామస్వామి, వారితో పాటు వోలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటివాళ్లు అక్కడ కొలువు చేశారు. భక్తిరంజని అక్కణ్నుంచే ఇళ్లలోకి వచ్చింది. సంగీతానికి నెలజీతం, రోజూ సాధన చేసుకునే గది, గడియారం ప్రకారం వినేవాళ్లు దొరికారు. బెజవాడ సంగీతానికి పేరు తెచ్చినవి ఈ మూడే అని ఈ పెట్టె నమ్మకం. పాటకి వేళా చోటూ ఖాయమైతే ఏమవుతుందో దూరపు ఊళ్లలోనూ చూడొచ్చు.

లండన్‌లోని బార్న్స్‌లో బుల్స్ హెడ్ అని ఒక పాత పబ్బుంది. 1959 నుంచి అక్కడ జాజ్ వినిపించడం వల్లే దాని పేరు ప్రపంచానికి తెలిసింది. ఎప్పుడు వెళ్లినా పాట ఉంటుందన్న నమ్మకం కుదిరితే, ఆ చోటు వెతుక్కుంటూ జనం వస్తారు.

బెజవాడలో అలాంటి చోటు కాగలిగింది తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రం. మొవ్వ పదకర్త పేరు పెట్టుకున్న హాలు అది. 2016 కృష్ణా పుష్కరాల ముందు నగరపాలక సంస్థ దాన్ని బాగుచేయించింది. 2023 డిసెంబరు 10 నుంచి 12 వరకు కృష్ణవేణి సంగీత నీరాజనం అక్కడ జరిగింది. మూడు రోజులు సరే, మిగతా ఏడాది మాటేమిటి? కుర్చీలు మార్చినంత మాత్రాన, ఏసీ పెట్టినంత మాత్రాన హాలుకి సంగీతం అలవాటు కాదు. సన్మానానికో సభకో అద్దెకిచ్చే తేదీల మధ్య, ఎవరికీ ఇవ్వకుండా వారానికొక సాయంత్రం పాటకి అట్టిపెట్టాలి.

కళాకారుల కోసం దూరం పోనక్కర్లేదు. బాలమురళీకృష్ణ మొదటి ప్రిన్సిపాలుగా పనిచేసిన ప్రభుత్వ సంగీత కళాశాల ఊళ్లోనే ఉంది. రేడియో స్టేషనూ ఊళ్లోదే. గుడివాడ, తెనాలి పద్య నటులు బస్సెక్కి వచ్చేంత దగ్గర. వచ్చినవాళ్లకి బస్సు ఛార్జీలతో సరిపెట్టకుండా తగిన పారితోషికం ఇవ్వాలి. నెలలో ఒక సాయంత్రం పద్యానికి వదలాలి. ఆ రోజు హార్మోనిస్టు ముందు కూడా ఒక మైకు పెట్టాలి, కరపత్రంలో అతని పేరు నటుడి పేరు పక్కనే వేయాలి.