వెలగని పెట్టె: ఒక అభావ ప్రకరణం

పదార్థాలు ఏడని తర్కసంగ్రహం లెక్క. ద్రవ్యం మొదలు సమవాయం దాకా ఆరూ ఉన్నవాటి జాబితా. ఏడోది అభావం, అంటే లేకపోవడం. లేనిదాన్ని కూడా లెక్కలో వేసుకున్న ఆ గ్రంథకర్త అన్నంభట్టు పదిహేడో శతాబ్దపు మన తెలుగువాడే. ఆయన ఇంట కుండలు తప్ప కంప్యూటర్లు లేవు కాబట్టి, నేల మీద కుండ లేదన్న ఉదాహరణతో సరిపెట్టుకున్నాడు. ఇంట్లో సొంతంగా బిగించుకున్న కంప్యూటర్, బటన్ నొక్కితే వెలగకపోవడమనే విషయం చేతికి దొరికి ఉంటే, ఏడో పదార్థం మీదే వేరే గ్రంథం రాసేవాడని మా నమ్మకం. ఆ లోటు పూడ్చడానికే ఈ ప్రకరణం.

దీనికి క్షేత్రాలు రెండు, రెండూ తమిళనాట: కోయంబత్తూరు, మధుర. హైదరాబాదులో కంప్యూటర్లు లేవా అని పూర్వపక్షం. ఉన్నాయి. అయితే అక్కడ వెలగని పెట్టెను దుకాణానికి మోసుకుపోతారు. శాస్త్రం పుట్టాలంటే ఇంట్లోనే విప్పి కూర్చునే జాతి కావాలి. కోయంబత్తూరు పక్క కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు, ఒక తెల్లదొర నడిపిన రడ్జ్ మోటారు సైకిలు మీద మనసుపడ్డాడు. హోటల్లో సర్వర్‌గా పనిచేసి డబ్బు కూడబెట్టి, మూడు వందల రూపాయలకు దాన్ని కొన్నాడు. కొన్నాక విప్పేశాడు. విప్పి, మళ్ళీ బిగించాడు. అదే మనిషి 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశాడు. 2025లో అవినాశి రోడ్డు మీద తెరిచిన పది కిలోమీటర్ల పైవంతెనకు ఆయన పేరే పెట్టారు. పీలమేడు చుట్టుపక్కల నాయుళ్ళ ఇళ్ళలో విప్పడం ఈనాటికీ ఒక సంస్కారం. చెవులు కుట్టించడానికీ పెళ్ళికీ నడుమ ఎక్కడో మిక్సీ విప్పడం ఉంటుంది.

విప్పడంలో మధుర చరిత్ర ఇంకా పాతది. తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలును మనవడు చొక్కనాథుడు చాలామటుకు విప్పించి, సామానంతా తిరుచ్చికి తరలించాడు. తిరుచ్చిలో ఆ మహలు లేవలేదు. మధురలో మిగిలినదాన్ని పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు గవర్నరు నేపియర్ బాగుచేయించాడు. పనిచేస్తున్నదాన్లోంచి భాగాలు పీకి వేరేచోట తగిలిస్తే రెండూ పాడవుతాయని చెప్పే దృష్టాంతాల్లో ఇంతకు మించింది మాకు కనబడలేదు. పాత పెట్టెలో కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌ను కొత్తదానికి తగిలించబోయే మేనల్లుళ్ళకు ముందుగా ఆ మహలు చూపించాలి.

ఇక విషయానికి వద్దాం. అభావం నాలుగు విధాలు. వెలగకపోవడమూ నాలుగు విధాలే. ఇది మేము తెచ్చిపెట్టిన పోలిక కాదు, పెట్టె ఏ మూల విప్పినా అదే విభాగం బయటపడుతోంది.

మొదటిది ప్రాగభావం, పుట్టకముందు లేకపోవడం. నిన్ననే బిగించారు, ఒక్కసారి కూడా వెలగలేదు. ప్రాగభావానికి ఆది లేదు గానీ అంతం ఉందని శాస్త్రం. కాబట్టి ఈ రకంవాళ్ళు ఏడవనక్కర్లేదు. కారణాలు సిగ్గుపడేంత చిన్నవి. ఎస్‌ఎంపీఎస్ వెనకాల ఒక స్విచ్ ఉంటుంది, దాని మీద ఒక గీతా ఒక సున్నా. సున్నా వైపు ఉంటే కరెంటు లోపలికే రాదు. ర్యామ్ సగం దిగి ఆగి ఉంటుంది. టక్కుమనేదాకా నొక్కడానికి చేతులు రావు, అంత డబ్బు పోసి కొన్నది విరుగుతుందేమోనని. మదర్‌బోర్డు కింద ఉండాల్సిన ఇత్తడి కాళ్ళు మరిచిపోతే బోర్డు వీపు క్యాబినెట్ రేకుకు తగిలి షార్ట్ అవుతుంది. అసలు బోర్డే ఆ ప్రాసెసర్‌ను ఎరగకపోవచ్చు: బోర్డు ముందు పుట్టి ప్రాసెసర్ తర్వాత పుడితే, బయాస్ కొత్తది ఎక్కించేదాకా పరిచయం కుదరదు.

రెండోది ప్రధ్వంసాభావం. నిన్నటిదాకా వెలిగింది, ఇవాళ లేదు. దీనికి ఆది ఉంది, అంతం లేదు. పగిలిన కుండ పగిలినట్టే. ఈ లక్షణాన్ని వారంటీ కాగితం వెనక చిన్న అక్షరాల్లో వేరే మాటలతో రాసి ఉంటారు. పొగ వచ్చి ఉంటే విచారణ అవసరమే లేదు. కొండ మీద పొగ చూసి నిప్పును ఊహించడం తార్కికుల పని. క్యాబినెట్ మీద పొగ చూసినవాడు ఊహించాల్సింది ఖర్చును.

మూడోది అత్యంతాభావం, మూడు కాలాల్లోనూ లేకపోవడం. ఫ్యాన్లు తిరుగుతాయి, దీపాలు వెలుగుతాయి, తెర మాత్రం నల్లగా ఉంటుంది. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అనే అక్షరం ఉందంటే లోపల బొమ్మ చూపించే భాగం పనిచేయదని అర్థం. నిన్న చూపలేదు, ఇవాళ చూపదు, రేపు చూపబోదు. వేరే గ్రాఫిక్స్ కార్డు కొనాలి. కొన్న తర్వాత మానిటర్ తీగను ఆ కార్డుకే తగిలించాలి. అలవాటు కొద్దీ బోర్డుకు తగిలించేవాళ్ళు శాస్త్రం పుట్టిననాటి నుంచీ ఉన్నారు.

నాలుగోది అన్యోన్యాభావం. కుండ బట్ట కాదు, బట్ట కుండ కాదు. ప్రాసెసర్‌కు పోయే ఎనిమిది కాళ్ళ ప్లగ్ ఒకటి, గ్రాఫిక్స్ కార్డుకు పోయే ఎనిమిది కాళ్ళ ప్లగ్ ఒకటి. చూపుకు కవలలు. ఒకటి నాలుగూ నాలుగుగా విడిపోతుంది, ఇంకొకటి ఆరూ రెండుగా. ప్లస్సూ మైనస్సూ అమరిక ఒకదానికొకటి తలకిందులు. అందుకే గాడులు కుదరకుండా తయారుచేశారు, అయినా కండబలం ఉన్న తమ్ముళ్ళు కుదిరిస్తారు. అన్యోన్యాభావం కాస్తా ప్రధ్వంసాభావంగా మారడం అప్పుడే చూడాలి.

ఇప్పుడు హేత్వాభాసాలు, అంటే హేతువుల్లా కనిపించే తప్పు హేతువులు. కోయంబత్తూరు శాఖలో ఆద్యుడు మామ. పెట్టె వెలగలేదని తెలియగానే, దాన్ని చూడకుండానే, "కండెన్సరు పోయిండాది రా, మార్చు" అంటాడు. ఈ తీర్పు వెనక ఒక జీవితానుభవం ఉంది. పంపుసెట్టు తిరగకపోతే కండెన్సరు. గ్రైండరు మూలిగితే కండెన్సరు. సీలింగ్ ఫ్యాను మందగిస్తే కండెన్సరు. సింగిల్ ఫేజ్ మోటారు తనంతట తాను కదలలేదు. మొదటి తోపు ఇచ్చేది కండెన్సరే. 1930ల మొదట్లో పైకారా కరెంటు దిగిననాటి నుంచి మోటార్లతోనే బతికిన ఊళ్ళో అది తరతరాల జ్ఞానం. అయితే కంప్యూటర్ మోటారు కాదు. "ఏది తిరగదో దాని కండెన్సరు పోయింది" అన్న వ్యాప్తి ఇక్కడ సవ్యభిచారం, అంటే అన్నిచోట్లా నిలవనిది.

అనేసి నవ్వుకోబోయిన తార్కికుడికి ఒక చిక్కు. 1999 తర్వాత కొన్నేళ్ళపాటు ప్రపంచమంతటా నాసి కండెన్సర్లు మదర్‌బోర్డుల మీదికెక్కాయి. తలలుబ్బి కారిపోయి బోర్డులను చంపాయి. ఆ రోజుల్లో మామ మాట ఎన్నిసార్లు నిజమైందో! ఇంకొకటి. పాత ఇంట్లో ఎర్త్ సరిగ్గా లేకపోతే క్యాబినెట్ ముట్టుకున్న వేళ్ళు జివ్వుమంటాయి, టెస్టర్ పెడితే వెలుగుతుంది. కారణం ఎస్‌ఎంపీఎస్ ముఖద్వారంలో రెండు తీగలకూ ఎర్త్‌కూ నడుమ ఉన్న బుల్లి కండెన్సర్లు. ఎర్త్ లేనప్పుడు రేకు మీదికి సుమారు సగం ఓల్టేజీ తేలుతుంది. అంటే మామ చెప్పిన వస్తువు లోపల ఉంది, అపరాధమూ చేస్తోంది. అయినా అది ప్రమ, అంటే యథార్థ జ్ఞానం, కాదు. పురుగు తొలిచిన గీత అక్షరంలా కనిపిస్తే పురుగుకు చదువొచ్చినట్టు కాదని ఘుణాక్షర న్యాయం. ఈ వాక్యం మామ ఎదుట పలకరాదు.

మధుర శాఖ అత్తది. "నిన్న పక్కింటోళ్ళు వొచ్చి చూసిపోయిరి కదా, ఆ కండ్లే" అంటుంది. దిష్టి తీస్తుంది. తీసిన నిమ్మకాయ క్యాబినెట్ మీద పెట్టకుండా చూసుకుంటే నష్టమేమీ లేదు. అసలు విషయం ఆమె తీర్పులో కాక సాక్ష్యంలో ఉంది. పక్కింటివాళ్ళు వచ్చారు. కూర్చోవడానికి కుర్చీ వేశారు. కుర్చీకి చోటు కోసం పెట్టెను గోడ వైపు జరిపారు. జరిపినప్పుడు వెనక తీగ సడలింది. ఇద్దరు పెద్దలనూ అడగాల్సింది ఏం జరిగిందని. ఎందుకు జరిగిందని అడిగితే శాస్త్రం అక్కడితో ఆగిపోతుంది.

మామ పొరపాటుకు మూలం మరొకచోట ఉంది. పాత ఏటీ పెట్టెల్లో ముందు బటన్‌దాకా 230 ఓల్టుల తీగ వచ్చేది. నొక్కితే నేరుగా కరెంటు పారేది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ పద్ధతి తెచ్చింది, ఆ ఏర్పాటు పోయింది. ఇప్పటి బటన్ వాకిట్లో కాలింగ్ బెల్ లాంటిది, తలుపు తీసేవాళ్ళు లోపలుంటారు. గోడ స్విచ్ వేసినప్పటి నుంచీ ఊదా తీగలో 5 ఓల్టులు మెలకువగా ఉంటాయి. బటన్ నొక్కితే బోర్డుకు కబురందుతుంది; బోర్డు ఆకుపచ్చ తీగను నేలకు కలుపుతుంది; అప్పుడు ఎస్‌ఎంపీఎస్ పనిలోకి దిగి, అర సెకనులోపే బూడిదరంగు తీగ మీద అంతా క్షేమమని చెబుతుంది. ఈ రాయబారంలో ఎవరు పలకలేదో తేల్చడమే రోగనిర్ణయం. (కొత్త ఎస్‌ఎంపీఎస్‌లలో తీగలన్నీ నల్లగానే వస్తున్నాయి. రంగు చూసి కాక స్థానం లెక్కపెట్టి పోల్చుకోవాలి.)

సిద్ధాంతం: అన్వయవ్యతిరేకాలు. ఏది ఉంటే దోషం ఉంది, ఏది తీస్తే దోషం పోయింది. అన్నీ తీసేయండి. బోర్డును అది వచ్చిన అట్టపెట్టె మీదే పరిచి, ప్రాసెసరూ, దాని కూలరూ, ఒక్క ర్యామ్ ముక్కా, ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఉంచండి. నాలుగు గాడులున్న బోర్డయితే ఆ ఒక్క ముక్క సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో గాడిలోకి. ముందు ప్యానెల్ బటన్‌ను నమ్మకుండా, దాని తీగ తగిలే రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. కూలర్ తిరిగితే బటన్‌దో దాని తీగదో దోషం, లేదా తీసి పక్కన పెట్టినవాటిలో ఒకదానిది. ఒక్కొక్కటే తిరిగి తగిలిస్తూ పోతే దోషి తగిలిన చోట ఆగుతుంది. రెండు ఒకేసారి తగిలించేవాడికి ఈ శాస్త్రంలో అధికారం లేదు. బోర్డు అంచున సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్ అని నాలుగు బుల్లి దీపాలుంటే ఏది ఆరకుండా నిలిచిందో చూడండి. అంతకంటే ఆప్తవాక్యం ఉండదు.

ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం విప్పకూడదు. 230 ఓల్టుల ఏసీ లోపల డీసీగా మారాక సుమారు 325 ఓల్టులవుతుంది, ప్లగ్ పీకిన తర్వాత కూడా కొంతసేపు పెద్ద కండెన్సర్‌లో కాచుకుని ఉంటుంది. జి.డి. నాయుడి ఊళ్ళో ఈ నిషేధాన్ని ఎవరూ పాటించరని తెలిసీ, విధిగా రాస్తున్నాం.

చివరగా ఒక ఆక్షేపణ. అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగానే ఉంది, రెండు నిమిషాలైంది. ఇది అభావమా, భావమా? డీడీఆర్5 ర్యామ్ అయితే తొందరపడకండి. మొదటిసారి వెలిగేటప్పుడు బోర్డు ఆ ర్యామ్‌తో సంకేతాల పొంతన చూసుకుంటుంది. దానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, మధ్యలో ఆరి మళ్ళీ వెలగనూ వచ్చు. ఆ సమయంలో ప్లగ్ పీకితే మళ్ళీ మొదటికి. కాబట్టి తెర వెలిగేదాకా మామను తోటలో పంపుసెట్టు చూసిరమ్మని పంపాలి. అత్తను మీనాక్షి గుడికి పంపాలి, రద్దీగా ఉండే శుక్రవారమైతే మరీ మంచిది.