కొర్రీలు వేసిన చెయ్యి

ప్రయాణ బీమా సొమ్మును పైసాతో సహా రాబట్టుకోవడంలో వకీళ్లను, వ్యాపారులను మించిన జాతి ఒకటి తెలుగునాట ఉంది. ముప్ఫై అయిదేళ్లు ట్రెజరీలో కూర్చుని ఇతరుల టి.ఏ. బిల్లులను, అంటే ప్రయాణభత్యం కోరే పత్రాలను, తిప్పిపంపి పదవీ విరమణ చేసి, కూతురి పురిటికని డాలసుకు బయలుదేరే తాతగారి జాతి అది. బిల్లులో లోపం చూపి వెనక్కి పంపే అభ్యంతరాన్ని కార్యాలయ పరిభాషలో కొర్రీ అంటారు. కొర్రీలు వేసిన చేతికి ఎదుటివాడు ఎక్కడ వేస్తాడో ముందే తెలుస్తుంది కనుక, బీమా కంపెనీ కుర్రవాడు ఆయనకు ప్రత్యర్థిగా కాక, ఆలస్యంగా పుట్టిన సహోద్యోగిగా కనిపిస్తాడు.

పాలసీ మొదటి పేజీలోని పెద్ద అంకె చూసి లోకం తృప్తిపడుతుండగా, ఈయన ఆఖరి పేజీల చిన్న అక్షరాల్లోకి దిగి డిడక్టిబుల్ కింద ఎర్రసిరా గీత గీస్తారు. పాలసీదారు తానే భరించవలసిన తొలి వంతు అది. వైద్యఖర్చుకు డాలర్లలోను, సామాను ఆలస్యానికి గంటల్లోను, చాలా పాలసీల్లో 12 గంటలుగా, ఉంటుంది. రక్తపోటు మాత్రల సంగతి దరఖాస్తులో దాచమనే పక్కింటాయన సలహాను ఆయన ఈసడించుకుంటారు. అది నిజాయితీవల్లనో, దాచిన జబ్బును మించిన కొర్రీ లేదన్న అనుభవంవల్లనో తేల్చడం కష్టం.

అసలు ప్రతిభ బయటపడేది పెట్టె రాని రోజున. తోటి ప్రయాణికులు తిరుగుతున్న బెల్టు చుట్టూ చేరి విమానసంస్థను తిట్టిపోస్తుంటే, ఈయన బోర్డింగ్ పాసు వెనక అంటించిన సామాను చీటీని గోటితో తడిమి చూసుకొని, తిన్నగా కౌంటరుకు పోయి, ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్టు, అంటే సామాను అందలేదని విమానసంస్థే రాసిచ్చే కాగితం, చేతిలో పడేదాకా అక్కణ్ణుంచి కదలరు. దిగిన వేళ నిమిషాలతో సహా రాసుకుంటారు. పెట్టె పదకొండో గంటకే వచ్చేస్తుందేమోనన్న భయం ఆయన ముఖంలో కదలాడుతుంది గాని, ఇంటివారు దాన్ని పెట్టెమీది బెంగ అనుకుంటారు.

పన్నెండు దాటాక కొన్న బనియన్లకు, పైజమాకు, టూత్‌బ్రష్‌కు ఇచ్చిన రసీదులు కొద్ది నెలల్లోనే వెలిసిపోయే థర్మల్ కాగితానివి కనుక, ఆ రాత్రే నకళ్లు తీయించి, అసళ్లను తెల్లకాగితాలమీద మూలలు మాత్రమే అంటేలా అతికించి, పైన వరుససంఖ్య, కింద ఆనాటి డాలరు ధర వేస్తారు. “ఏమండీ, రెండు కిలోల ఆవకాయ కూడా పోయిందిగా, అది రాయరేం?” అని భార్య అడిగితే “రసీదేదీ?” అంటారు, నలభై ఏళ్ల కాపురంలో ఆమె అందుకున్న కొర్రీల్లో ఇది చిన్నది.

21 రోజులైనా రాని పెట్టెను పోయినట్టే లెక్కించవచ్చునని, దెబ్బతిన్న పెట్టెపై 7 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలని 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం చెప్పే గడువులు ఆయనకు ఏకాదశి తిథుల్లా కంఠస్థం. నెల గడిచినా కంపెనీ పలకకపోతే, రుసుముగాని వకీలుగాని అక్కర్లేకుండా తగవు తీర్చే బీమా అంబుడ్స్‌మన్ హైదరాబాదులో ఉన్నారన్న వాక్యాన్ని, బెదిరింపుగా కాక కేవలం సమాచారంగా, ఉత్తరం చివర చేరుస్తారు.

సొమ్ము ఖాతాలో పడ్డాక ఆయనకు సంతోషంకంటే వెలితే ఎక్కువ. అంతటి దస్త్రాన్ని ఒక్క కొర్రీ అయినా లేకుండా ఆమోదించినందుకు ఈకాలపు కుర్రవాళ్ల తనిఖీ ప్రమాణాలపై రెండు పూటలు విచారిస్తారు. మరుసటి ఏడు, విమానం తప్పిపోయిన అల్లుడు తన క్లెయిము కాగితాలను చూసిపెట్టమని పంపితే, మార్జిన్‌లో ఎర్రసిరాతో “బోర్డింగ్ పాసు నకలు జతపరచలేదు” అని రాసి వెనక్కి పంపుతారు. “నాన్నా, ఆయన మన మనిషి!” అని కూతురు ఫోనులో వాపోతే, “అందుకేనమ్మా, ఒక్కటే వేశాను” అంటారు.