మాటలాడుటకు కొండకేగుట

తండ్రీబిడ్డలు మనసు విప్పి మాటలాడుకొనవలెనన్నచో అది ఇంటిలో సాధ్యము కాదనియు, అందులకై కనీసము నాలుగువేల అడుగుల ఎత్తునకు పోయి, అచ్చట గుడ్డతో ఇల్లు నిలిపి, నేలమీద పండుకొని, తెల్లవారినంతనే మోకాళ్లు మొరపెట్టునట్లు కొండ యెక్కవలెననియు ఒక సిద్ధాంతము ఇటీవల మన చదువుకొన్న సంతానములో, విశేషించి సముద్రములు దాటిన సంతానములో, మిక్కిలి ప్రబలినది. దీనిని మొదట ప్రతిపాదించిన మహానుభావు డెవ్వడో నాకు తెలియదు గాని, ఆయన తన తండ్రిని వెంటబెట్టుకొని ఏనాడును కొండ యెక్కి యుండడని మాత్రము ప్రమాణము చేసి చెప్పగలను.

నేను ముప్పదియైదేండ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పినవాడను. తండ్రిమాట నిలుపుటకై కుమారుడు అడవికేగిన కథను ఏటేట పిల్లలకు చెప్పి, వారు కంటతడి పెట్టునంతవరకు వదలక, పిమ్మట దానిమీదనే ప్రశ్న యిచ్చి మార్కులు కోసినవాడను. కూతురిమాట నిలుపుటకై తండ్రి అడవికేగు కాండ మొకటి నా నుదుట మిగిలియున్నదని అప్పుడు నాకు తోచలేదు.

తెనాలి విడిచి కాలిఫోర్నియాలో మా అమ్మాయి యింట దిగి మూడు నెలలైనది. ఈ మూడు నెలలలో మేము మాటలాడుకొనలేదా యనిన, నిక్షేపముగా మాటలాడుకొంటిమి. తాను కార్యాలయమునకు పోవుచు "మాత్ర వేసుకున్నావా?" అనును, మధ్యాహ్నము ఫోనులో "తిన్నావా?" అనును, సాయంకాలము నేను నడచి వచ్చినంతనే "ఎంతదూరం వెళ్లావు?" అనును. నా మట్టుకు నాకిది సంపూర్ణమైన సంభాషణ. నా తండ్రి నాతో జీవితమంతయు ఇందులో సగము కూడ మాటలాడి యుండలేదు. అయినను మా యిద్దరికిని లోటేమియు కనబడలేదు. మా అమ్మాయికి మాత్రము ఇవి మాటలు కావట. అసలు మాటలు వేరే యున్నవట. అవి సిగ్నలు లేనిచోటనే పుట్టునట.

"అక్కడ ఫోన్లుండవు, లాప్‌టాపులుండవు. నువ్వూ నేనూ అంతే. బోలెడు మాట్లాడుకోవచ్చు నాన్నా!" అన్నది. ఉన్నచోటనే ఫోను కట్టివేసిన సరిపోదా యని అడుగబోయి, తల్లి లేని పిల్ల గదా యని ఊరకుంటిని.

మన వేసవి రోహిణికార్తెతో పోవును. వారి వేసవి సెప్టెంబరు మొదటి సోమవారముతో పోవును. ఆ సోమవారము 1894 మొదలు వారి దేశమున శ్రామికుల గౌరవార్థము ఏర్పడిన సెలవుదినము. సంవత్సరమంతయు ఎండలో రెక్కలు ముక్కలు చేసికొన్నవాడు ఆనాడు నీడపట్టున కూర్చుండవలెనని వారి పెద్దల సదుద్దేశము. చల్లని గదిలో కుర్చీలో కూర్చుండి పనిచేయువారందరును ఆనాడే మూటలు నెత్తికెత్తుకొని కూలివారివలె కొండలు పట్టిపోవుట ఆ దేశమున ఆచారమైనది.

పూర్వము వానప్రస్థమునకు పోయిన గృహస్థు డెవ్వడును ముందుగా స్థలము పట్టుకొనినట్లు పురాణములలో లేదు. యొసెమిటీ లోయలోని అప్పర్ పైన్స్ అను విడిదిలో రాత్రికి 36 డాలర్లు చెల్లించి నేలమీద పండుకొను భాగ్యమునకు ఐదు నెలల ముందు, ఏప్రిలు 15వ తేదీ ఉదయము సరిగా ఏడు గంటలకు కంప్యూటరు ముందు కాచుకొని కూర్చుండవలెను. కొన్ని నిమిషములు దాటినచో నేల కూడ మిగులదు. మన తత్కాల్ టిక్కెట్టు దీనిముందు ధర్మసత్రము. ఆవకాయకు కాయలింకను చెట్టుననే యున్న ఆ దినములలో, మా అమ్మాయి తన స్నేహితురాండ్ర నిద్దరిని కూడ వేరువేరు ఇండ్లలో మీటలయొద్ద కూర్చుండబెట్టి ఈ నేలను సంపాదించినదట. అర్ధగోళమువంటి హాఫ్ డోమ్ అను 8,842 అడుగుల బండ నెక్కుటకు కూడ, 1919లో మొదట కట్టిన ఇనుపతాళ్లు పట్టుకొని ప్రాకుటకై, చీట్లలో పేరు వేసియుండెను. మా పేరు రాలేదు. ఏ జన్మలో చేసికొన్న పుణ్యమో!

అంతర్యుద్ధము జరుగుచుండగానే 1864లో లింకను మహాశయుడు ఈ లోయను సమస్త ప్రజల విహారార్థము ప్రత్యేకించి సంతకము చేసెను. ఆ సమస్త ప్రజలును మేము పోయిన దినముననే వచ్చియుండిరి. కార్లు ద్వారమునొద్ద మన వంతెనమీది ఎడ్లబండ్లవలె ఒకదాని తోక నొకటి పట్టుకొని కదలుచుండెను. లోపలికి పోయిన పిమ్మట అమ్మాయి కారాపి, "అదిగో నాన్నా, ప్రపంచ ప్రసిద్ధమైన యొసెమిటీ జలపాతం. 2,425 అడుగులు!" అని చేయి చాచినది. నేను కన్నులు చిట్లించి చూచితిని. బండమీద నల్లని చారిక యొకటి కనబడినది. కొండమీది మంచు కరిగినన్నాళ్లే ఆ జలపాతమున కాయుష్యము. వేసవి చివరకు అది పెక్కేండ్లు ఎండియే యుండును. నీరు లేని జలపాతమునకు ఎదురుగా నిలిచి చుట్టుప్రక్కలవారు ఫొటోలు తీసికొనుచుండిరి. మేమును తీసికొంటిమి.

ఏకాంతమునకై పోయిన మా గుడారమునకు కుడివైపున ఆరుగురు, ఎడమవైపున ఆరుగురు, వెనుక నొక చంటిబిడ్డ. అడవిలో నుంటిమి గాని పుల్ల యొకటి ఏరరాదు. లోయలో కట్టె లేరుట నిషిద్ధము. కావున చుట్టును చెట్లు నిలుచుండి చూచుచుండగా దుకాణమునకు పోయి కట్టెలమోపు కొని తెచ్చుకొంటిమి. ఆ కట్టెలు గూడ సాయంకాలము ఐదు మొదలు రాత్రి పదివరకే మండవలెను. పదినుండి ఉదయ మారువరకు మౌనము పాటింపవలెను. అన్నిటికంటె కఠినమైనది భోజన నియమము. వాసనగల వస్తువేదియు గుడారములో గాని, చీకటి పడిన తరువాత కారులో గాని ఉండరాదు. పండ్లపొడి, సబ్బుతో సహా సర్వమును గోధుమరంగు ఇనుపపెట్టెలో పెట్టి గొళ్లెము వేయవలెను. లేనిచో జాంబవంతుని వంశజులు వచ్చి తలుపులూడబెరుకుదురట. మా అమ్మాయి వేడినీళ్లు పోసినచో ఉప్మా యగు పొట్లములు తెచ్చినది. నేను ఆవకాయ తెచ్చితిని. తెనాలినుండి మూడు ప్లాస్టికు సంచులలో చుట్టి, పాతపంచె చెరగులో కట్టి, పురికొసతో బిగించి తెచ్చిన జాడీ అది. నూనె అప్పటికే పంచెమీద ఎఱ్ఱగా పొడచూపియున్నది. దానిని పెట్టెలో పెట్టునప్పుడు అమ్మాయి ముఖము చూడవలెను. "నాన్నా, ఇది రెండు మైళ్ల దూరానికి కొడుతుంది," అన్నది. అది నిందయో ప్రశంసయో నాకు తెలియలేదు.

మరునాడు కొండ. వెర్నల్ జలపాతముపైకి ఆరువందల పైచిలుకు రాతిమెట్లు. నేను అలిపిరినుండి 3,550 మెట్లు మూడుమార్లు ఎక్కినవాడనే. కాని ఆ కొండ నెక్కుటలో నొక మర్మమున్నది: ఎక్కువానికి ఊపిరి చాలదని ముందే తెలిసినవారు గనుకనే మన పెద్దలు మూడక్షరముల గోవిందనామ మొకటి చేతికిచ్చి, తక్కిన మాటలన్నియు దిగి వచ్చువరకు మానిపించిరి. ఇచ్చట ఎక్కుచునే మాటలాడవలెననుట సిద్ధాంతము. అమ్మాయి రెండు చేతులను రెండు కఱ్ఱలు పట్టుకొని పదిమెట్లు ముందు. నేను ఒకచేత మోకాలు పట్టుకొని పదిమెట్లు వెనుక. అప్పుడప్పుడు వెనుదిరిగి ఆమె పలికిన మాటలను తు.చ. తప్పక వ్రాయుచున్నాను: "నీళ్లు తాగావా?" "మాత్ర వేసుకున్నావా?" "ఇంకా ఎంతో దూరం లేదు." ఈ మూడును నేను ఇంటిలో పడకకుర్చీలో కూర్చుండియే వినియుంటిని.

అబద్ధ మాడరాదు. ఆ సాయంకాలము హాఫ్ డోమ్ బండ మొదట పసుపువలెను, పిమ్మట తడిసిన కుంకుమవలెను మారినది. నాకేదో చెప్పవలెననిపించినది. తిరిగి చూచునప్పటికి అమ్మాయి ఫోనెత్తి పట్టుకొని, "కదలకు నాన్నా, ఒక్క నిమిషం," అన్నది. ఆ నిమిషము గడచునప్పటికి బండ నల్లబడినది; నేను చెప్పదలచిన దేమో నేటికిని జ్ఞప్తికి రాలేదు. సిగ్నలు లేనిచోట ఫోను తీసి ఏమి లాభమో యని అడిగితిని. కొండ దిగిన తరువాత అందరికిని పంపవచ్చునట.

రాత్రి పదియైనది. మంటలార్పిరి. మౌనము ప్రారంభమైనది. పండ్రెండు గంటలప్పుడు అమ్మాయి నన్ను తట్టి లేపి, గొళ్లెము సరిగా పడినదో లేదో యను అనుమానము చెప్పినది. నుదుట దీపములు కట్టుకొని పోయి చూచితిమి. పడియే యున్నది. కాని తెరచినందుకు ఆవకాయ గుప్పుమన్నది. మధ్యాహ్నము మిగిలిన పెరుగన్నము డబ్బా ప్రక్కనే యున్నది. పెట్టెమూత నడ్డము పెట్టుకొని, తల్లిచాటు దొంగలవలె నిలుచుండియే, ఒకే డబ్బాలో చేతులు పెట్టి తింటిమి. నూనె మోచేతివరకు కారినది. నాలుగు ముద్దలైన తరువాత అమ్మాయి చేయి ఆపి, డబ్బాలోనికి చూచుచు, "నాన్నా, నీకో విషయం చెప్పాలి. ఎన్నాళ్లనుంచో..." అని మొదలుపెట్టినది.

కుడిప్రక్క గుడారమునుండి దీపమొకటి మా ముఖములమీద పడినది. "ష్!" అని ఎవరో మందలించిరి.

మేము డబ్బా మూసితిమి, జాడీ మూసితిమి, ఇనుపపెట్టె మూసి గొళ్లెము వేసి, చేతులు కడుగుకొని, మునికాళ్లమీద గుడారములోనికి పోతిమి. సంచిలోనికి దూరి పండుకొన్న తరువాత అమ్మాయి నా చెవియొద్దకు జరిగి గుసగుసగా అన్నది:

"ఇంటికెళ్లాక చెప్తాలే, నాన్నా."